అప్‌డేట్: పరుపు కింద తడి – పడవకు చిల్లు లేదు

ఇంగ్లండులో గ్రాండ్ యూనియన్ కాలువ మీద నారోబోటులో (కాలువల్లో తిరిగే సన్నటి ఇంటి పడవ) ఉంటున్నామని, పరుపు అడుగు తడుస్తోందని, పడవకు చిల్లు పడిందేమోనని పోయిన నెల అడిగాను. చిల్లు లేదు, తప్పు నాదే. చలిగాలికి భయపడి పైకప్పు మీది గాలి రంధ్రాల్లో పాత తువ్వాళ్లు కుక్కాను! మా ఊపిరి, అన్నం వండిన ఆవిరి బయటికి పోలేక, చల్లటి ఉక్కు గోడకు తగిలి నీరై కారుతోంది. ఏడడుగుల వెడల్పైనా లేని పడవలో ఇద్దరం పడుకుంటే ఆ మాత్రం ఆవిరి చాలదా?

తువ్వాళ్లు తీసేసి, పరుపు కింద చెక్క పట్టీలు వేశాను. బొగ్గు పొయ్యి ఉన్నచోట రంధ్రాలు మూస్తే ప్రాణాలకే ముప్పని కోప్పడినవారికి దండం. పొయ్యి విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంది, మీటనొక్కి చూశాను, చెవులు గింగురుమన్నాయి.

నిన్న చేయి పెట్టి చూస్తే పరుపు అడుగు పొడిగా ఉంది. మూలన బూజు వాసన మాత్రం ఇంకా పోలేదు. ఆదివారానికి ఇక్కడ ఆగి 14 రోజులు, అంతకు మించి ఒకేచోట ఉండకూడదు, పడవ కదపాలి. ఎండ తగిలే గట్టు దొరికితే పరుపు పైకప్పెక్కుతుంది.