మ్యూజియం ఫొటో చూపించాక పిల్లల ఆసక్తి నిలవడం లేదు, సలహా కావాలి

నాలుగైదేళ్ల పిల్లలకు ఆన్‌లైన్ మ్యూజియం సేకరణల నుంచి పాతకాలపు వస్తువులు చూపించి, వాటి చుట్టూ పాఠాలు అల్లుతున్నాను. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, స్మిత్సోనియన్ సైట్లలో కాపీరైట్ అడ్డులేని ఫొటోలు బోలెడున్నాయి. వెతకడం సమస్య కాదు.

ఈసారి తీసుకున్నది మెట్రోపాలిటన్‌లోని ఈజిప్టు నీటిగుర్రం బొమ్మ. దాదాపు 4000 ఏళ్ల నాటిది, నీలి రంగు, ఒంటినిండా తామర పూలు. ప్రొజెక్టర్ మీద చూపించగానే అందరూ "అబ్బో" అన్నారు. రెండు నిమిషాలకే చూపులు పక్కకి. పైగా అది గోడంత ఉంటుందనుకున్నారు, నిజానికి పొడవు 20 సెంటీమీటర్లే. తెర మీద నాణెమైనా, విగ్రహమైనా ఒకే సైజులో కనిపిస్తుంది కదా, ఆ వయసు పిల్లలకు కొలతలు చెప్తే ఎక్కదు.

అసలు సైజులో ప్రింట్ తీసి చేతికిచ్చాను. సైజు అర్థమైంది, ముచ్చటపడ్డారు, కానీ ఒక్క ప్రశ్న కూడా రాలేదు. వేరే వస్తువుల త్రీడీ మోడళ్లు ట్యాబ్‌లో పెడితే గిరగిరా తిప్పడమే ఆటైపోయింది. బంకమట్టి ఇస్తే హాయిగా చేశారు, కాకపోతే ఎవరికి తోచిన జంతువు వాళ్లు. తామర పూల ఊసే లేదు! పిల్లల ఊహకు కళ్లెం వేయాలని లేదు, ఆ వస్తువును వాళ్లు నిదానంగా, ఇష్టంగా చూడాలన్నదే నా తపన.

క్లాసులో ఉండేది ఇరవై నిమిషాలు, ఒక ప్రొజెక్టర్, ఒక ట్యాబ్.

ఫొటో చూడటానికీ చేతిపనికీ మధ్య, పిల్లలు ఆ వస్తువును పరిశీలనగా చూసేలా మీరు ఏ ఆట లేదా పని పెడతారు?