పెద్దమనిషికి వ్యతిరేకపదం చిన్నమనిషి కాదు

'పెద్దమనిషి' అన్న మాట ఎప్పటినుంచి ఎత్తిపొడుపు అయింది అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. తేదీ చెప్పడం కుదరదు గానీ, ఆ మాటను నిలువునా విప్పి చూపించిన సినిమా ఒకటుంది. దర్శకుడు కె.వి.రెడ్డి గారి 'పెద్దమనుషులు', 1954. ఆయన పేరెత్తితే అందరూ 'పాతాళభైరవి', 'మాయాబజార్' అంటారు. ఆ రెండింటి నడుమ వచ్చిన ఈ చిత్రాన్ని తలుచుకునేవాళ్లు తక్కువ. రాష్ట్రపతి రజత పతకం అందుకున్న సినిమా అది!

ముందు మాట సంగతి. పొడుగు మనిషి, లావు మనిషి అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడమే. 'పెద్ద' చేరితే మాత్రం వయసుతో, ఒడ్డూపొడుగుతో పని లేదు, హోదా వచ్చేస్తుంది. దీనికి వ్యతిరేకపదం చిన్నమనిషి కాదు, చిల్లరమనిషి. ఆడపిల్ల విషయంలో 'పెద్దమనిషి అయింది' అంటే అర్థమే వేరు. ఇక కోపం వచ్చి పేరెత్తడం ఇష్టం లేనప్పుడు 'ఆ పెద్దమనిషి ఇంకా రాలేదా?' అంటాం. 'పెద్దాయన' అన్న మాటకు ఇంతవరకు ఈ గతి పట్టలేదు, గమనించారా?

ఈ సినిమాకు ప్రేరణ నార్వే నాటకకర్త ఇబ్సెన్ రాసిన నాటకం. దాని పేరు అర్థం సమాజానికి ఆధారస్తంభాలు అని. ఆ స్తంభాన్నే తెచ్చి పెట్టుంటే పేరు పుస్తకాల వాసన కొట్టేది. మనవాళ్లు రచ్చబండ మాట తీసుకున్నారు. దాంతో అర్థం కూడా మారింది, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. స్తంభం తనంతట తాను నిలబడుతుంది. పెద్దమనిషి అలా కాదు, నలుగురూ అంటేనే అవుతాడు. అంటే ఆ పేరు సినిమాలో పైకి మర్యాదస్తుడిలా కనిపిస్తూ లోపల అక్రమాలు చేసే మునిసిపల్ ఛైర్మన్ ధర్మారావునే కాదు, అతన్ని నెత్తిన పెట్టుకున్న ఊరినీ నిలదీస్తోంది.

ధర్మారావుగా వేసింది జంధ్యాల గౌరీనాథశాస్త్రి గారు, 'భక్త పోతన' సినిమాలో శ్రీనాథుడు. చూడగానే దండం పెట్టాలనిపించే మనిషి. ఆ నిండుతనం చూశాక ఊరు ఎందుకు నమ్మిందో వేరే చెప్పక్కర్లేదు. అతనికి ఎదురు రేలంగి వేసిన తిక్క శంకరయ్య. ఊరి లోగుట్టు కొసరాజు రాసిన పాటల్లో బయటపెట్టేది ఇతనే. 'తిక్క' కూడా ఊరు పెట్టిన పేరే చూడండి. ఊరు ఇద్దరికి రెండు బిరుదులిచ్చింది, రెండూ తప్పే. డి.వి.నరసరాజు గారికి సినిమా రచయితగా ఇదే మొదటి చిత్రమంటే నాకిప్పటికీ ఆశ్చర్యం.

ఇంకోటి. ఈ సినిమా వచ్చిన రెండేళ్లకే, 1956 ఫిబ్రవరి 20న, ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసుకున్న ఒడంబడికకు తెలుగులో స్థిరపడ్డ పేరు 'పెద్దమనుషుల ఒప్పందం'. అక్కడ ఆ మాటకు అర్థం ఇచ్చిన మాట మీద నిలబడేవాళ్లని. ఆ ఒప్పందం అమలు కాలేదని తెలంగాణలో దశాబ్దాలపాటు పోరాడారు. ఎత్తిపొడుపు ఎప్పుడు మొదలైందని అడిగినవారు ఆ ఉద్యమకాలపు ఉపన్యాసాలు, కరపత్రాలు కూడా వెతికి చూడండి. అక్కడ ఈ మాట ఏ గొంతుతో పలికిందో తెలుసుకోవాలని నాకూ ఉంది.