పాకాలలో చిన్న పిట్టలు వినబడుతున్నాయి, కనబడట్లేదు. ఎలా చూస్తారు?

హన్మకొండ_కెమెరా:
పోయిన ఆదివారం నర్సంపేటలో చాయ్ కూడా తాగకుండా పొద్దున్నే పాకాల చేరుకున్నా. కాకతీయుల గణపతిదేవుడి కాలం నాటి చెరువు కట్ట దాటి చెట్లలోకి పోతే చుట్టూ కిచకిచలే. కెమెరా ఎత్తేలోపు ఆకు ఊగడం ఒక్కటే కనబడింది. మూడు గంటలు తిరిగి ఖాళీ కొమ్మల ఫొటోలు తెచ్చుకున్నా. కొంగలు, నీటికాకులు నాకొద్దు. పురుగులు ఏరుకు తినే ఆ చిన్నవి మీకెలా దొరుకుతున్నాయి?

ములుగు_మాస్టారు:
తిరిగారు కాబట్టే కనబడలేదు. ఒకచోట కూర్చోండి. చలికాలంలో ముఖ్యంగా, నాలుగైదు రకాల పిట్టలు కలిసి గుంపుగా కదులుతాయి. అరగంట చప్పుడుండదు, ఉన్నట్టుండి చెట్టంతా పిట్టలే, కాసేపటికి మళ్లీ ఖాళీ. ఏటూరునాగారం వైపు నేను వెతికేది ఏట్రింత చుట్టాన్ని, ఇంగ్లిష్‌లో రాకెట్-టెయిల్డ్ డ్రాంగో అంటారు. నల్లగా ఉండి, తోక చివర రెండు సన్నటి పుల్లలకు బిళ్లలు వేలాడుతుంటాయి. అది కనబడితే అక్కడే ఆగిపోతా. చిన్నవి ఆకుల్లో కెలుకుతుంటే లేచే పురుగుల్ని ఇది గాల్లోనే అందుకుంటుంది. ఒక్కోసారి పక్కపిట్ట పట్టినదాన్నీ లాక్కుంటుంది. అయినా గుంపు దాన్ని వదలదు, డేగ వస్తే ముందు అరిచేది అదే మరి. పైగా వేరే పిట్టల గొంతులన్నీ తీస్తుంది. చెవిని నమ్మి మోసపోయిన రోజులున్నాయి నాకు.

పరకాల_పత్తి:
అంత దూరం ఎందుకన్నా, మా పెరట్లో వంకాయ చెట్టుకే దర్జీ పిట్ట గూడు పెట్టింది. మొత్తం కలిపి 13 సెంటీమీటర్లు ఉంటుంది, తోక నిక్కబొడుచుకుని. అరుపు మాత్రం వాడకట్టంతా వినబడుతుంది. ఆకు అంచున ముక్కుతో సన్నటి చిల్లులు పొడిచి, మా ఇంట్లోంచి ఎగిరిన పత్తి, సాలీడు దారం తెచ్చి లాగుతుంది. ముడి వేయడం నాకు కనబడలేదు. చిల్లు బయట పీచు కుచ్చులా ఉబ్బి నిలబడుతుంది, అందుకే వెనక్కి జారదు. ఆకు తెంపదు కాబట్టి పచ్చగానే ఉంటుంది. మా అమ్మ రోజూ ఆ పక్కనే బోళ్లు తోముతుంది, గూడు సంగతి వారం దాకా తెలియలేదు.

కాజీపేట_జంక్షన్:
పైన గూడు గురించి చదివాక చెప్పాలనిపించింది, తిట్టినా సరే. రెండేళ్ల కింద నాకూ అలాంటి గూడే దొరికితే, ఫొటోకు అడ్డమని రెండు ఆకులు తుంచా. మర్నాడు పోతే గూడు చిరిగి ఉంది, పక్క గోడ మీద కాకి. పిల్లలు మూడు ఉండె. ఫొటో బాగానే వచ్చింది, ఇప్పటిదాకా ఎవరికీ చూపించలేదు.

పరకాల_పత్తి:
అయ్యో. మా చెట్టు దగ్గరికి పిల్లల్ని పోనియ్యను ఇక.

తునికాకు:
మా నాయన ఆకు కోతకు పోయినప్పుడు తోక పిగిలిపిట్టను చూపించాడు. నల్లటి తల, తెల్లటి ఒళ్లు, తోక ఈకలే 30 సెంటీమీటర్ల దాకా. మగవాటిలో ఇటుక రంగువీ ఉంటాయి, వేరే పిట్ట అనుకోకండి. అంత తోకేసుకుని గుడ్ల మీద కూడా కూర్చుంటుంది. గూడేమో చాయ్ కప్పంత, తోక బయట రిబ్బన్‌లా వేలాడుతుంటుంది. వాగు పక్కన నీడ ఉన్నచోట చూడండి. ఒక్కటే మాట, ఫోన్లో దాని కూత పెట్టి పిలవకండి. ఇంకో మగది వచ్చిందనుకుని మేత మానేసి మన చుట్టూ తిరుగుతుంది.

హన్మకొండ_కెమెరా:
ఈ ఆదివారం మళ్లీ పోయిన. మద్ది చెట్టు మొదట్లో కూర్చుంటే నలభై నిమిషాలు చీమలు తప్ప ఎవరూ రాలేదు. తర్వాత మాస్టారు చెప్పిన బిళ్లల తోకది వచ్చింది, దాని వెనక లెక్కపెట్టలేనన్ని. ఇటుక రంగు పిగిలిపిట్ట నా ముందు కొమ్మ మీదే వాలింది. టెన్షన్‌లో వణికిన. ఫొటోలో తోక ఒక్కటే ఉంది, పిట్ట లేదు.

ములుగు_మాస్టారు:
తోకే పెట్టండి, చూస్తాం.