చెన్నై ఉక్కపోతలో 3-5 ఏళ్ల పిల్లల చేత ఏ చేతిపనులు చేయించవచ్చు?

తిరువాన్మియూర్_తల్లి

మా అపార్ట్‌మెంట్‌లో మే నెలలో రెండు వారాలు, పొద్దున 10 నుంచి 11 దాకా చిన్నపిల్లల చేత చేతిపనులు చేయించాలనుకుంటున్నాం. పిల్లలు 8 మంది, అందరూ 3 నుంచి 5 ఏళ్ల మధ్యవాళ్లే. పెద్దవాళ్లం ఇద్దరం ఉంటాం. హాల్లో ఫ్యాన్లే, ఏసీ లేదు.

మైదా, ఉప్పు కలిపి చేసిన బొమ్మలు ఇక్కడ ఎన్నాళ్లకీ గట్టిపడట్లేదు. గట్టిపడ్డవి కూడా మళ్లీ చెమ్మగిల్లుతున్నాయి, ఎందుకు? వాటర్ కలర్ వేస్తే కాగితం ముడుచుకుపోతోంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, వీడియోలు చూసి చేయిస్తే పనంతా మాదే అవుతోంది, పిల్లలు పది నిమిషాల్లో లేచిపోతున్నారు. దగ్గర్లో దొరికే సామాన్లతో, కొలతలతో చెప్పగలరా?

మట్టిబొమ్మ

అండీ, తేడా అంతా ఉప్పు దగ్గరే ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని లాక్కుని కరగడం మొదలవుతుంది. సముద్రం పక్కన రాత్రిళ్లు తేమ అంతకు మించడం మామూలే. అందుకే పగలు ఎండకి గట్టిపడ్డ బొమ్మ తెల్లారేసరికి తడిగా ఉంటుంది. మైదా ఉంది కాబట్టి బూజు కూడా పడుతుంది. ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెట్టి, చల్లారగానే వార్నిష్ పూస్తే కొంత నిలుస్తుంది గానీ ఇంతమంది పిల్లలకి ఆ తంటా ఎందుకు?

ఉప్పు లేని ముద్ద చేయండి. ఒక కప్పు కార్న్‌ఫ్లోర్, రెండు కప్పుల వంటసోడా, ఒకటింపావు కప్పు నీళ్లు ఉండల్లేకుండా కలిపి సన్నమంట మీద ఆపకుండా తిప్పండి. కాసేపు పాలలా పల్చగానే ఉండి, ఉన్నట్టుండి అడుగున గడ్డకట్టడం మొదలవుతుంది. ముద్ద గిన్నె అంచుల్ని వదలగానే దించేయాలి. ఇంకో నిమిషం ఉంచారంటే పొడిపొడిగా అయి, ఆరాక బీటలిస్తుంది. తడిగుడ్డ కప్పి చల్లారనివ్వండి. పిల్లలు వత్తే బిళ్లలు అర సెంటీమీటరు మందం దాటకుండా చూసుకోండి. దారం కట్టాలంటే పచ్చిగా ఉన్నప్పుడే స్ట్రాతో చిల్లు పెట్టించాలి. ఆరబెట్టడం ఫ్యాన్ కిందే, ఎండలో వద్దు. ఎండలో పైభాగం ముందు ఆరి బిళ్ల అంచులు పైకి లేస్తాయి. పూటకోసారి తిరగేస్తే రెండో రోజుకి తెల్లగా, గట్టిగా అవుతుంది. నోట్లో పెట్టుకునే పిల్లలుంటే మాత్రం పక్కన ఒక మనిషి ఉండాలి. ఇంత సోడా అయినా, అంత ఉప్పు అయినా కడుపులోకి పోతే ప్రమాదమే.

దీనికన్నా నాకు బంకమట్టే ఇష్టం. పురసవాక్కం దగ్గర కోసపేటలో వినాయకుడి ప్రతిమలు, కొలువు బొమ్మలు చేసే కుమ్మరులున్నారు, వాళ్లనడిగితే మెత్తగా పిసికిన మట్టి దొరుకుతుంది. పిల్లకి అరకిలో చొప్పున చాలు. మూడేళ్ల పిల్ల చేతికి ఇస్తే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు. మట్టి ఆరుతూ కుంచించుకుపోతుంది కాబట్టి, ఏనుగుకి తొండం ఊరికే అతికిస్తే మర్నాటికి ఊడిపోతుంది. అతికే రెండుచోట్లా అగ్గిపుల్లతో అడ్డదిడ్డంగా గీసి, నీళ్లలో కలిపిన చిక్కటి మట్టి రాసి, అప్పుడు నొక్కాలి. మిగిలిన మట్టిని తడిగుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవర్లో కట్టి ఉంచితే రెండు వారాలూ వస్తుంది. చేతులు సింకులో కడగనివ్వకండి, పైపు పూడుకుపోతుంది. బకెట్లో కడిగించి, మట్టి అడుక్కి దిగాక పైనీళ్లు మొక్కలకి పోయండి.

కత్తెర_కాగితం

మీ మూడో సందేహానికి నా జవాబు ఇదండీ: చివర్లో ఏ బొమ్మ రావాలి అని కాకుండా, ఆ పిల్ల చేతికి ఏం చేతనవును అన్నదాన్నిబట్టి పని ఎంచుకోండి. మూడేళ్లకి చింపడం, నలపడం, అద్దడం. నాలుగేళ్లకి కత్తెరతో తిన్నగా కత్తిరించడం. ఐదుకి దగ్గరపడుతుంటే వంపు గీతలు. వీడియోల్లో చూపించేవి చాలావరకు ఆరేడేళ్ల పిల్లల పనులు.

చింపడానికి న్యూస్‌పేపరే మంచిది. పైనుంచి కిందికి చింపితే తిన్నగా పోతుంది, అడ్డంగా చింపితే వంకరలు పోతుంది. కాగితంలో నార పోగులు పొడుగునా ఉండటమే కారణం. చిన్నవాళ్లకి పైఅంచున రెండు వేళ్ల మేర మీరే చింపి ఇస్తే మిగతాది వాళ్లే లాగేస్తారు. ఆ చప్పుడు వాళ్లకి భలే సంతోషం.

కత్తెర మొన గుండ్రంగా ఉండాలి, కానీ నిజంగా తెగాలి. బొత్తిగా తెగని ప్లాస్టిక్ కత్తెరతో కాగితం మధ్యలో మడతపడి పిల్లలు విసుక్కుంటారు. చార్ట్ పేపర్‌ని అంగుళం వెడల్పు పట్టీలుగా చేసి ఇవ్వండి, ఒక్క నొక్కుకి ఒక ముక్క ఊడి పడాలి. బొటనవేలు పైకి ఉండేలా పట్టించండి. మోచేయి గాల్లోకి లేస్తోందంటే పట్టు తప్పిందన్నట్టే. ఎడమచేతి వాటం పిల్లలుంటే వాళ్లకి వేరే కత్తెర తప్పనిసరి.

కాగితం ముడుచుకోవడానికి కారణం, తడిసిన వైపు మాత్రమే సాగడం. మామూలు ఏ4 కాగితం 70-75 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో), దానికి నీళ్ల రంగు వద్దు, క్రేయాన్లు చాలు. 200 జీఎస్ఎం పైబడిన డ్రాయింగ్ షీటు తీసుకుని, నాలుగు అంచులూ మాస్కింగ్ టేపుతో అట్టకి అంటించి, పూర్తిగా ఆరేదాకా టేపు తీయకండి. ఎక్కువ కొనేటట్టయితే పారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో కాగితం అంగళ్లే వరసగా ఉంటాయి.

జిగురు ఇంట్లోనే కాచుకోండి. పావు కప్పు మైదాని అర కప్పు చన్నీళ్లలో కలిపి, మరుగుతున్న ఇంకో అర కప్పు నీళ్లలో పోస్తూ నిగనిగలాడేదాకా తిప్పాలి. ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు, బయట అయితే ఆ పూటకే. పోస్టర్ల జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లల జిగురులో చిటికెడు కూడా వేయొద్దు. సీసా చేతికివ్వకుండా మూతలో చెంచాడు పోసి వేలితో రాయించండి.

ముంజకాయ

మే నెలలో ఊరంతా తాటిముంజలు పెట్టుకుని, కాగితం ఒక్కటే ఎందుకండీ? ముంజలు తీసేశాక మిగిలే కాయలు రెండు, ఒకే సైజువి అడిగి తెచ్చుకోండి. మూడు గుంటల మధ్యన సరిగ్గా నడిబొడ్డున పెద్దవాళ్లు చిల్లు పొడిచి, అడుగు పొడుగు కర్రకి రెండువైపులా గుచ్చితే చక్రాలు రెడీ. పిల్ల ఛాతీ ఎత్తు ఉండే పంగలకర్ర పంగని ఇరుసు మీద ఆనించి తోస్తే బండి పరిగెడుతుంది. చిల్లు పక్కకి పోతే బండి ఎగిరెగిరి పడుతుంది, అందుకే ముందు సుద్దతో గుర్తు పెట్టుకోండి. గుంటలు కడిగి తుడవాలి, లేకపోతే చీమలు. రెండో రోజుకి కాయ వడలి చిల్లు వదులైపోతుంది, ఇది ఏ రోజుకారోజు ఆడే బండి. పిల్లల వంతు పని, కాయలకి ముగ్గుపిండి నీళ్లతో చుక్కలు పెట్టడం, తర్వాత తోయడం. పెద్దలు చెయ్యాల్సింది పెద్దలే చెయ్యాలి, అందులో తప్పేం లేదు.

ఒక రోజు పసుపుతో గడపండి. చెంచా పసుపుని మూడు చెంచాల నీళ్లలో కలిపి డ్రాయింగ్ షీటు నిండా పూసి ఆరనివ్వండి. పావు గ్లాసు నీళ్లలో అర చెంచా వంటసోడా కరిగించి, చెవిపుల్లతో గీయిస్తే గీత గీసినచోటల్లా ఎర్రబడుతుంది. దానిమీద నిమ్మరసం అద్దితే మళ్లీ పసుపు. సోడా బదులు సున్నం వాడొద్దు, కంట్లో పడితే కన్నుకే ముప్పు. కాంపౌండ్ గోడల మీద పాకే శంఖుపూలు పది వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది, నిమ్మచుక్కలకి ఊదా, ఆపైన గులాబీ రంగు వస్తాయి. నాలుగు చిన్న గ్లాసులు ముందు పెడితే ముప్పావుగంట ఎవరూ లేవరు.

తిరువాన్మియూర్_తల్లి

అందరికీ చాలా థాంక్సండీ. పసుపు మరకల సంగతేంటి? ఇంకో మాట, కొందరు తల్లులు నీళ్లలో ఉబ్బే రంగు పూసలు, స్లైమ్ పెట్టమంటున్నారు.

కత్తెర_కాగితం

ఆ పూసలు ససేమిరా వద్దండీ. మింగితే పేగుల్లో ఉబ్బి అడ్డుపడతాయి, మామూలు ఎక్స్‌రేలో కనపడవు కూడా. బోరాక్స్ కలిపే స్లైమ్ కూడా ఈ వయసుకి వద్దు. చేతికి జారే సరదా కావాలంటే రెండు కప్పుల కార్న్‌ఫ్లోర్‌లో ఒక కప్పు నీళ్లు పోసి పళ్లెంలో పెట్టండి, పిడికిలి బిగిస్తే గట్టిపడి, వదిలితే కారిపోతుంది. అయ్యాక సింకులో పారబోయకుండా ఎండబెట్టి చెత్తబుట్టలో వేయండి.

ముంజకాయ

మరకకి సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, కంగారు పడకండి, అది సోడాతో జరిగినదే. ఉతికి తడిగానే నేరుగా ఎండలో ఆరేయండి, పసుపు రంగు ఎండకి వెలిసిపోతుంది. అందుకే ఆ బొమ్మల్ని కిటికీ దగ్గర తగిలించకండి.