బేదీయా, బేడీయా? ఒక పంజాబీ ఇంటిపేరు మీద చర్చ

సభ్యులందరికీ నమస్కారం.

కిరణ్ బేదీ గారు 2016 నుంచి 2021 వరకు పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నరుగా ఉన్నందువల్ల, యానాం వార్తలతో పాటు ఆమె పేరు కూడా మన పత్రికలలో తరచుగా కనిపించేది. చాలాచోట్ల అది ‘బేడీ’ అనే అచ్చయ్యేది. ఐపీఎస్‌లో చేరిన తొలి మహిళ ఇంటిపేరు సంకెళ్లను తలపించడం చమత్కారంగానే ఉంటుంది కాని, ఆ పేరులో ఉన్నది పంజాబీ రాసే గురుముఖి లిపిలోనైనా దేవనాగరిలోనైనా దంత్యమైన దకారమే. ఆంగ్ల లిపిలో ద-డలు రెండింటికీ ఒకే అక్షరం ఉండటం, మనం ఉత్తరాది పేర్లను ఆ లిపి మీదుగానే తెచ్చుకోవడం ఈ పొరపాటుకు కారణాలు. ‘బేది’ అని రాస్తే మన భాషలో విరేచనాల మాట గుర్తుకు వస్తుంది గనుక, ఉపసంపాదకులు తెలిసే సంకెళ్ల వైపు మొగ్గారేమోనని నాకొక అనుమానం. దీర్ఘం ఉంచి ‘బేదీ’ అని రాస్తే ఆ చిక్కూ ఉండదు.

అయితే నేను ఈ చర్చను ప్రారంభించింది దకారం కోసం కాదు, బకారం కోసం. బేదీ అనే పేరు ‘వేదిన్’, అనగా వేదం తెలిసినవాడు, అనే సంస్కృత శబ్దం నుంచి వచ్చినదని అందరూ అంగీకరిస్తారు. మన వేదులవారి ఇంటిపేరులోను, ద్వివేదులవారి, చతుర్వేదులవారి పేర్లలోను ఉన్న వేదమే ఇది. చిక్కు ఎక్కడంటే, పంజాబీ భాష సంస్కృత వకారాన్ని సాధారణంగా బకారంగా మార్చదు. హిందీవారు ‘బేచ్‌నా’ అన్నచోట పంజాబీవారు ‘వేచ్‌ణా’ అంటారు. అక్కడ వెంట్రుకలు ‘బాల్’ అయితే ఇక్కడ ‘వాల్’. వారి ‘బీస్’ వీరికి ‘వీహ్’. ఈ లెక్కన చూస్తే అచ్చమైన పంజాబీ ఇంటిపేరు ‘వేదీ’ కావలసింది. సిక్కుల మొదటి గురువైన గురునానక్ ప్రార్థనాగీతం జపుజీలో సైతం ‘గురుముఖి నాదం, గురుముఖి వేదం’ అని వకారమే ఉన్నది. దాని తరువాతి కాలపు సుఖమనీ అనే ప్రార్థనలో, ఐదవ గురువైన అర్జన్ దేవ్ పలుకులో, అది ‘బేద్ పురాన్’ అయినది. బ్రజ్ మొదలైన గంగా మైదానపు భాషలలో వకారం బకారమవుతుంది. అందుకే అక్కడి ద్వివేది ‘దూబే’, చతుర్వేది ‘చౌబే’ అయినారు. అంటే పంజాబ్ నడిబొడ్డున ఉన్న, ఖత్రీ కులానికి చెందిన ఒక వంశం తన పేరును తన భాష ఉచ్చారణలో కాక, తూర్పుదిక్కు కావ్యభాష ఉచ్చారణలో నిలుపుకున్నదన్నమాట.

ఈ సందర్భంలో, పదవ గురువైన గోవింద్ సింగ్ పేరిట ఉన్న దశమ గ్రంథంలోని బచిత్తర్ నాటక్‌లో, ఈ పేరుకు వివరణ ఇచ్చే పద్యపాదాలను మీ ముందు ఉంచుతున్నాను:

జినై బేద పఠ్యో సు బేదీ కహాఏ
తినై ధర్మ కే కర్మ నీకే చలాఏ

‘ఎవరు వేదం చదివారో వారు బేదీలుగా పిలవబడ్డారు, వారు ధర్మకార్యాలను చక్కగా నడిపించారు’ అని దీని భావం. ఇది భుజంగప్రయాతం. మనకు తెలిసిన నాలుగు యగణాల భుజంగప్రయాతమే. జినై బే – ద పఠ్యో – సు బేదీ – కహాఏ అని విడదీసి చూడండి, ఎక్కడా తొణకదు. గురుముఖి ప్రతులలో ‘పఠియో’, ‘ధరమ’, ‘కరమ’ అని సంయుక్తాక్షరాలు లేకుండా రాసి ఉన్నా, గణం కుదరాలంటే ‘పఠ్యో’, ‘ధర్మ’, ‘కర్మ’ అనే చదవాలి. ‘బేద్’ అని పొల్లుగా పలికితే రెండవ గణం విరిగిపోతుంది. రెండు పాదాలలోను రెండవ అక్షరం నకారమే కావడంతో మన ప్రాసనియమం కూడా కాకతాళీయంగా కుదిరినది. యతి మాత్రం లేదు. అది మన పట్టింపే గాని వారిది కాదు.

పద్యం వెనుక ఉన్న కథ ఇది. రాముని కుమారులలో లవుడు లాహోరును, కుశుడు కసూరును కట్టించారు. తరువాతి కాలంలో వారి సంతతివారి మధ్య వైరం పుట్టి, ఒక శాఖ సనౌఢ్ దేశానికి తరిమివేయబడినది. అక్కడ పుట్టినవాడు సోఢీ రాయ్. అతని వంశీకులు తిరిగి వచ్చి పంజాబ్‌ను గెలుచుకోగా, ఓడిన కుశవంశీయులు కాశీకి పోయి నాలుగు వేదాలు చదివి బేదీలైనారు. సోఢీ రాజు వారిని పిలిపించి వేదం చెప్పించుకుని, నాలుగవ వేదం వినగానే రాజ్యాన్ని వారికే ధారపోసి అడవికి వెళ్లిపోయాడు. కలియుగంలో నానక్ అనే పేరుతో జన్మించినప్పుడు ఈ ఋణం తీర్చుకుంటానని బేదీ రాజు మాట ఇచ్చాడు. సిక్కు గురువులలో మొదటివారు బేదీ వంశీయులు కావడం, నాలుగవ గురువైన రామదాస్ మొదలుకొని పదవ గురువు వరకు అందరూ సోఢీలు కావడం చరిత్ర. ఆ చరిత్రకు కావ్యం వెనుకకు నడిచి వేసిన పునాది ఈ కథ. కథలో కాశీ ఉన్నది, పేరులో కాశీవైపు బకారం ఉన్నది. అంతమాత్రాన కథ నిజమని తేలదు. బ్రజ్‌లో కవిత్వం చెప్పే ఏ పంజాబీ కవి నోటనైనా వేదం బేదమే అవుతుంది.

ఒక సభ్యురాలి ప్రశ్న: నమస్కారమండీ. సంస్కృతంలో యజ్ఞం చేసే తిన్నెను కూడా ‘వేది’ అంటారు కదా, మన ‘వేదిక’ దాని నుంచి వచ్చినదే కదా. ఈ ఇంటిపేరు ఆ శబ్దం నుంచి రాలేదని ఎలా చెప్పగలం?

సమాధానం: మంచి ప్రశ్న వేశారమ్మా. ఒక స్థలాన్ని తెలిపే స్త్రీలింగ శబ్దం వంశనామం కావడం అసాధ్యమేమీ కాదు. కాని ద్వివేది, త్రివేది వంటి పేర్ల వరుసలో చేరిన ‘వేదీ’ని తెలిసినవాడు అనే అర్థంలో తీసుకోవడానికి అడ్డేమీ లేదు, ఆ వంశం వారు తమ పేరును అర్థం చేసుకున్నదీ అలాగేనని పై పద్యమే చెబుతున్నది. తిన్నె అనే అర్థానికి అటువంటి ఆధారం నాకు కనిపించలేదు.

మరొక సభ్యుని వ్యాఖ్య: అయ్యా, మీరు మాటను గురించి చెప్పారు, మనుషులను గురించి చెప్పలేదు. గురునానక్ వంశం ఈనాటికీ కొనసాగుతున్నదని అంటారు. ఇప్పుడు ఉమ్మి పరీక్షతో పూర్వీకుల జాడ చెప్పే కంపెనీలు వచ్చాయి గదా, బేదీలు ఎవరో, ఎక్కడివారో జన్యువుల ద్వారా తేల్చలేమా?

సమాధానం: ఈ ప్రశ్నకు కొంచెం విస్తారంగా జవాబు చెప్పనివ్వండి.

గురునానక్ 1469లో జన్మించారు. ఆయన కుమారులలో శ్రీచంద్ విరాగి. వంశం నిలిచినది లక్ష్మీదాస్ వల్ల. ఆ సంతతివారిని గౌరవంతో ‘బాబా’ అనేవారు. డేరా బాబా నానక్, ఊనా వారి ప్రధాన కేంద్రాలు. 1801లో లాహోరులో రంజీత్ సింగ్‌కు తిలకం దిద్దిన సాహిబ్ సింగ్ బేదీ ఊనా శాఖవాడు. 1873లో అమృత్‌సర్‌లో సింగ్ సభ అనే సిక్కు సంస్కరణ సంస్థను స్థాపించినవారిలో ఖేమ్ సింగ్ బేదీ ఒకడు. అయితే బేదీలందరూ గురునానక్ సంతతివారు కారు. ఆయన తండ్రి కల్యాణ్ చంద్ సైతం బేదీయే కనుక, పేరు ఆయనకంటె పాతది. ఈ తేడాను చాలామంది గమనించరు.

ఇక జన్యువుల సంగతి. తండ్రి నుంచి కొడుకుకు దాదాపు మార్పు లేకుండా సంక్రమించేది వై క్రోమోజోము ఒక్కటే. అది మన ఇంటిపేరు లాగానే నడుస్తుంది. దత్తత వచ్చినచోట, పెళ్లితో ఇంటిపేరు మారినచోట రెండింటి దారులు వేరవుతాయి. కిరణ్ బేదీ గారి విషయమే చూడండి, ఆమె పుట్టినింటి పేరు పెషావరియా, బేదీ వివాహం వల్ల వచ్చినది. ఒకే మూలపురుషుని నుంచి తెగకుండా వచ్చిన రెండు శాఖల పురుషులను పోల్చితే, వారి వై క్రోమోజోములు దాదాపు ఒకటిగా ఉండాలి. ఆ పరీక్ష అర్థవంతమైనదే. కాని అది చెప్పేది ‘వీరిద్దరూ ఒక తండ్రి సంతానం’ అని మాత్రమే. ఆ తండ్రి ఎవరో, ఆయన వేదం చదివాడో లేదో చెప్పదు.

పరీక్షా ఫలితంలో వై క్రోమోజోము వంశానికి గుర్తుగా ‘ఆర్1ఎ’ అని వస్తే కొందరు తాము ఆర్యక్షత్రియులమని పొంగిపోతుంటారు. పంజాబ్‌లో అది విరివిగా కనిపించే మాట నిజమే. దానితో పాటు సింధు లోయలో బాగా ఎక్కువైన ‘ఎల్’, ఇంకా ‘జె2’, ‘ఆర్2’ వంశాలూ అక్కడ ఉన్నాయి. కాని అదే ఆర్1ఎ మన నల్లమల చెంచులలో సైతం చెప్పుకోదగినంతగా ఉన్నదని 2003లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. కాబట్టి ఆ ముద్రతో ఏ ఇంటిపేరునూ గుర్తుపట్టలేము.

మిగిలిన జన్యుసంపద మాటేమిటంటే, గురునానక్ నాటి నుంచి ఇప్పటికి సుమారు ఇరవై తరాలు. ఇరవై తరాల వెనుక ఒక్కొక్కరికీ లెక్క ప్రకారం 10,48,576 మంది పూర్వీకుల స్థానాలు ఉంటాయి. పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి గనుక అంతమంది వేర్వేరు మనుషులు ఉండరు గాని, వారిలో ఫలానా ఒక్కరి నుంచి ఒక్క తునకైనా మనదాకా చేరే అవకాశం చాలా స్వల్పం.

పైగా బేదీ అనేది ఖత్రీలలో ఒక గోత్, అంటే మన గోత్రం వంటిది. బేదీలు బేదీలను పెళ్లాడరు. తల్లి చోప్డా, నాయనమ్మ భల్లా, అమ్మమ్మ ఇంకొకరు కావచ్చు. ఖత్రీ అనే వివాహవలయానికి జన్యుపరంగా ఒక ఆకృతి ఉండవచ్చు గాని, దానిలోని ఒక గోత్‌కు వేరే ఆకృతి ఉండదు. వేదులవారికి ప్రత్యేకమైన రక్తం లేనట్లే బేదీలకూ లేదు. ఈ వివాహనియమాలలోనే ఒక చీకటి కోణం కూడా ఉన్నది. తమకంటె తక్కువ ఇంటికి ఆడపిల్లనివ్వడం అవమానమని తలచిన కొన్ని బేదీ కుటుంబాలలో ఆడశిశువులను చంపే ఆచారం ఉండేదని, అందువల్ల వారికి ‘కుడీమార్’ (ఆడపిల్లలను చంపేవారు) అనే నింద అంటినదని పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్లేయ అధికారుల రాతలు చెబుతున్నాయి.

మొత్తం భారతీయుల మిశ్రమం గురించి గట్టి సమాచారమిచ్చిన పరిశోధనలలో మన హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి పెద్ద పాత్ర ఉన్నది. లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు హార్వర్డ్ బృందంతో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం, 25 సమూహాలను పరిశీలించి, మనలో చాలామంది రెండు ప్రాచీన జనధారల కలయిక అని చూపింది. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 సంవత్సరాల క్రితం మధ్య జరిగిందని 2013లో అంచనా వేశారు. పంజాబీలకూ మనకూ పాళ్లలో తేడాయే గాని, పదార్థాలలో తేడా లేదు. 2015 నాటి వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టులో లాహోరు పంజాబీలు ఒక సమూహం, బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు ఒక సమూహం. ఆ పట్టికలో వారి పేరు భాష పేరే తప్ప ఇంటిపేరు కాదు.

మొదటి సభ్యురాలు: ధన్యవాదాలండీ. చివరిగా ఒక చిన్న సందేహం. కథలోని రెండవ వంశాన్ని మీరు ‘సోఢీ’ అని రాశారు. పత్రికలలో ఎప్పుడూ ‘సోధీ’ అనే చూస్తున్నాను.

సమాధానం: పత్రికలదే పొరపాటమ్మా. గురుముఖిలో అక్కడ ఉన్నది ఢకారం. దకారం ఉన్న బేదీకి డకారం పెట్టి, ఢకారం ఉన్న సోఢీకి ధకారం పెడుతున్నాము. పైన చెప్పిన కథలో ఇద్దరి మధ్య రాజ్యం చేతులు మారినది. మన పత్రికలు వారి హల్లులను కూడా మార్పించాయి.