చెట్ల మధ్య ఉన్న ఇంటికి చిన్న చిన్న తోటలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

కనకపురరోడ్డు_వసారా:

అందరికీ నమస్కారం. కిందటేడు మేం బెంగళూరులో కనకపుర రోడ్డు వైపు, తలఘట్టపుర దాటాక ఒక పాత ఇల్లు కొన్నాం. స్థలం ఎనిమిది గుంటలు, మన లెక్కలో ఇరవై సెంట్లు. మధ్యలో ఇల్లు, చుట్టూ చెట్లే. రెండు పనసలు, మూడు మామిళ్లు, ఒక పెద్ద నేరేడు, గేటు దగ్గర కానుగ, వెనక గోడ వెంబడి వరసగా పదకొండు సిల్వర్ ఓక్‌లు. ఆ చెట్లు చూసే కొన్నాం, ఎండాకాలం మధ్యాహ్నం కూడా వసారాలో చల్లగా ఉంటుంది.

కానీ ఏడాదిగా కింద ఏం పెట్టినా బతకడం లేదు. మల్లె సన్నగా సాగిపోయింది తప్ప ఒక్క మొగ్గ వెయ్యలేదు, గులాబీలు ఆకులు రాల్చేశాయి, లాన్ తెచ్చి పరిపిస్తే రెండు నెలల్లో పసుపురంగుకి తిరిగి ఊడిపోయింది. తోటలు వేసే ఒకాయన్ని పిలిస్తే నాలుగు చెట్లు కొట్టించి, రెండడుగుల ఎర్రమట్టి పోయించి, మొత్తం ఒకే లాన్ చేద్దామన్నాడు. చెట్లు కొట్టించడం నాకిష్టం లేదు. మా అత్తయ్య మదనపల్లె నుంచి వచ్చినప్పుడల్లా ఇంత చోటు పెట్టుకుని పూజకి పూలు కొంటున్నారేంటమ్మా అని బాధపడుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకోటి, మా పాపకి ఐదేళ్లు, పాములంటే టెన్షన్‌గా ఉంది, వానాకాలంలో ఆ పెద్ద నత్తలు కూడా విపరీతంగా వచ్చాయి.

మట్టిచేతులు:

ముందుగా ఒక్క మాట, ఆ చెట్లు కొట్టించకండి, మట్టి అసలు పోయించకండి. మా బన్నేరుఘట్ట రోడ్డు ఇంట్లో మేం చేసిన తప్పు అదే. పెద్ద పనస చుట్టూ అడుగున్నర ఎత్తున ఎర్రమట్టి పోయించి గడ్డి వేయించాం, చూడ్డానికి ఎంతో బాగుంది. మరుసటి ఏడాది పై కొమ్మలు ఎండడం మొదలైంది, రెండో ఏడాది మట్టి తవ్వి చూస్తే చెట్టు మొదలు దగ్గర బెరడు మెత్తబడి వేలితో నొక్కితే లోపలికి పోతోంది, పుల్లటి వాసన. ఆ చెట్టు దక్కలేదు. నీళ్లు, పోషకాలు పీల్చే సన్న వేళ్లు ఎక్కువగా పై అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి, వాటికి గాలి కావాలి. పైన మట్టి కప్పినా, సిమెంటు వేసినా ఊపిరాడదు. పైగా కర్ణాటకలో 1976 నాటి చెట్ల సంరక్షణ చట్టం ఉంది, మన స్థలంలో ఉన్న చెట్టైనా సరే కొట్టాలన్నా, పెద్ద కొమ్మలు నరకాలన్నా ముందు ట్రీ ఆఫీసర్ (ఆ చట్టం కింద చెట్ల అనుమతులు చూసే అధికారి) అనుమతి గురించి కనుక్కోవాలి. మినహాయింపు ఉన్న జాతులు కొన్ని ఉన్నాయి, కానీ ఎవరో చెప్పారని కొట్టించేయొద్దు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మొత్తం స్థలాన్ని ఒకే తోటగా చూస్తున్నారు కాబట్టి ఏదీ రావడం లేదు. చెట్ల కింద వెలుతురు ముక్కలు ముక్కలుగా పడుతుంది, తోట కూడా అలాగే ముక్కలుగా వేసుకోవాలి. ఒక ఆదివారం ముగ్గుపిండి డబ్బా పట్టుకుని పొద్దున ఎనిమిదికి నేల మీద ఎండ పడిన చోటల్లా అంచు గీయండి. పదికి, పన్నెండుకి, రెండుకి, నాలుగుకి మళ్లీ గీయండి. ఎక్కడ గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయో అక్కడే మీ పూలమొక్కలు. మిగతాదంతా నీడమొక్కలకి వదిలేయండి. ఇంకో సంగతి చాలామంది గమనించరు, బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం సూర్యుడు కొంచెం ఉత్తరానికి ఉంటాడు. చలికాలంలో ఎండ మొహమే చూడని ఉత్తరం గోడ వారకి మే, జూన్‌లో ఎండ వస్తుంది. అందుకని ఇప్పుడు ఫిబ్రవరిలో ఒకసారి, మేలో ఇంకోసారి గీయండి.

మల్లెకి కనీసం ఐదారు గంటల ఎండ కావాలి, అది కుండీలో డాబా మీద పెట్టండి. అత్తయ్యగారి పూజకి కనకాంబరం, నందివర్ధనం పెట్టండి, రెండూ సగం నీడలో పూస్తాయి. చెట్ల వేళ్ల మధ్య పెద్ద గొయ్యి తియ్యకండి, అరచేయంత గుంట తీసి చిన్న నారే పెట్టాలి, పెద్ద మొక్క తెచ్చి గునపంతో తవ్వితే వేళ్లు తెగుతాయి. వేరు అడ్డొస్తే గుంట పక్కకి జరపండి, వేరుని కొయ్యొద్దు. మొదటి ఎండాకాలం మాత్రం ఈ చిన్న మొక్కలకి విడిగా నీళ్లు పొయ్యాలి, లేకపోతే చెట్టే తాగేస్తుంది.

కూర్చునే చోటు ఒకటి పెట్టుకోండి. కడప బండలు సిమెంటు లేకుండా ఇసక మీద పరిస్తే నీళ్లు కిందికి దిగుతాయి. నేరేడు కింద మాత్రం వద్దు, కాయలు పండే రోజుల్లో ఊదా మరకలు పోవు. పాప ఉయ్యాల పనస కింద కట్టకండి, కాయ పడితే ప్రమాదం.

తోటలెక్కలు:

అమ్మా, నేను చిక్కమగళూరు దగ్గర కాఫీ తోటల్లో ఇరవై ఏళ్లు లెక్కలు రాశాను. పదకొండు సిల్వర్ ఓక్‌లు ఉన్నాయంటున్నారు, అక్కడ మిరియం తీగ పాకించేది ఆ చెట్ల మీదే. జూన్‌లో వానలు పట్టాక, చెట్టుకి ఉత్తరం వైపు, మొదలుకి ఒక అడుగు ఎడంగా వేరుపట్టిన కొమ్మలు నాటండి. చెట్టుని ఆనించి నాటితే తీగకి తిండి దొరకదు. రెండు మూడు తీగలతో మొదలుపెట్టి చూడండి, మూడో ఏడు నుంచి కాపు కనిపిస్తుంది. పన్నియూర్ వన్ రకం బాగా కాస్తుంది గానీ దానికి కాస్త వెలుతురు ఉండాలి, చిక్కటి నీడలో గింజ కట్టదు. తమలపాకు తీగకి నీడ పర్వాలేదు, తేమ ఉంటే చాలు.

మామిళ్ల కింద రెండు కాఫీ మొక్కలు కూడా పెట్టుకోండి, అది పుట్టుకతోనే నీడమొక్క. వేసవి వాన పడిన తొమ్మిది పది రోజులకి తెల్లగా పూస్తుంది, ఆ వాసన సన్నజాజి దగ్గర నిలబడ్డట్టే ఉంటుంది. పసుపు, అల్లం, కంద, చేమ కూడా పాక్షిక నీడలో వస్తాయి.

రాలిన ఆకులు తగలబెట్టొద్దు తల్లీ. కోళ్లకి వాడే ఇనుప జాలీ మూడడుగుల గుండ్రంగా చుట్టి అందులో వేసి, నెలకోసారి పేడనీళ్లు చల్లి కలబెట్టండి. మామిడాకు, సిల్వర్ ఓక్ ఆకు గట్టివి, నిదానంగా కుళ్లుతాయి, ఏడాది పట్టినా ఓపిక పట్టండి. అడుగున నల్లగా, పొడిపొడిగా, వాన పడిన మట్టి వాసనతో తయారవుతుంది.

హోసూరు_శ్రీను:

అక్కా, నత్తల గురించి. అవి ఆఫ్రికా నత్తలు, రాత్రిపూట తిరుగుతాయి. సాయంత్రం తడిపిన గోనెసంచి కింద బొప్పాయి ఆకులు వేసి ఉంచండి, తెల్లారేసరికి అన్నీ అక్కడే చేరతాయి. గ్లవ్స్ వేసుకుని ఏరి ఉప్పునీళ్ల బకెట్‌లో వెయ్యండి, ఉప్పు మాత్రం నేల మీద చల్లకండి, మొక్కలు పోతాయి. వాటి నుంచి మనుషులకి జబ్బులు సోకే ప్రమాదం ఉంది, పాపని వాటిని ముట్టుకోనివ్వొద్దు.

పాములకి నేను చేసింది ఒక్కటే, ఇంటి గోడ చుట్టూ మూడడుగుల మేర ఏమీ లేకుండా కంకర పరిచాను. ఆకుల జాలీ, ఇటుకలు, కట్టెలు గోడకి దూరంగా పెట్టాను. గింజలు కింద పడితే ఎలకలొస్తాయి, ఎలకల కోసం పాములొస్తాయి. మాకు ఎక్కువగా కనిపించేది జెర్రిపోతు, దానికి విషం లేదు, కానీ మన దగ్గర నాగుపాము, రక్తపింజర కూడా ఉంటాయి కాబట్టి ఏదైనా సరే దగ్గరికి వెళ్లకుండా పాములు పట్టేవాళ్లని పిలవండి. రాత్రి టార్చి, చెప్పులు తప్పనిసరి.

కనకపురరోడ్డు_వసారా:

మీ ముగ్గురికీ చాలా థాంక్స్. మొన్న ఆదివారం ముగ్గుపిండితో గీశాం, పాప కూడా గీసింది. ఏడాదిగా ఇక్కడే ఉంటున్నా నాకు తెలియని సంగతి, వంటింటి కిటికీ ముందు, రెండు మామిళ్ల మధ్య, చాప పరిచినంత చోటులో ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా ఎండ ఉంది! అక్కడ నేను గ్యాస్ సిలిండర్లు పెట్టేదాన్ని. బావి గట్టు దగ్గర ఇంకో చోటు ఉంది గానీ రెండు గంటలే. సిలిండర్లు తీసేశాను, అక్కడ కనకాంబరం వేస్తాను. లాన్ ఆయనకి వద్దని చెప్పేశాం. బావి దగ్గర రెండు గంటల ఎండకి ఏం పెట్టొచ్చు? నారు ఎక్కడ కొనాలి?

మట్టిచేతులు:

చాప పరిచినంత చోటంటే కనకాంబరం ఓ ఇరవై మొక్కలు పడతాయి, అత్తయ్యగారికి రోజూ చిన్న మాల వస్తుంది. బావి దగ్గర పుదీనా, వాము ఆకు పెట్టండి, వెనక నీడలో ఫెర్న్‌లు, సింగోనియం. లాల్‌బాగ్ లోపల నర్సరీ ఉంది, పక్కనే సిద్దాపురలో కూడా వరసగా నర్సరీలున్నాయి. అక్కడ ఎండలో పెంచిన మొక్కని తెచ్చి ఒక్కసారిగా నీడలో పెట్టకండి, వారం పది రోజులు వసారా అంచున ఉంచి తర్వాత నాటండి. నేల మీద ముగ్గు గీతలు చెరిగిపోయేలోపు ఫోటో తీసి పెట్టుకోండి, మేలో పోల్చుకోవాలి.

తోటలెక్కలు:

మిరియం కొమ్మలు కొనకమ్మా. నా దగ్గర సంచుల్లో వేరుపట్టించినవి ఉన్నాయి, నేనుండేది జేపీ నగర్‌లోనే. జూన్ మొదటి వాన పడ్డాక ఇక్కడే ఒక మెసేజ్ పెట్టండి, నాలుగు తీసి ఉంచుతాను.