నెల ఇంజెక్షన్ ఊరి క్లినిక్‌లో సిస్టర్ వేయొచ్చా?

కృష్ణలంక సిస్టర్:
స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్లకి ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ ఇంజెక్షన్ 25 మి.గ్రా. 2 నుంచి 4 వారాలకోసారి పడాలి. దాని కోసం తాడికొండ నుంచి గుంటూరు రావాలంటే తోడొచ్చినవాళ్ల కూలి కూడా పోతుంది. అందుకే మానేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. ఊళ్లో సిస్టరే వేయాలి.

గుంటూరు సైకియాట్రిస్ట్:
అది నువ్వుల నూనెలో ఉండే మందు సిస్టర్. సిరంజి తడిగా ఉంటే మందు మసకబారుతుంది. 21 గేజి సూదితో, పిరుదు పైభాగంలో బయటివైపు, లోతుగా కండలోకి వెళ్లాలి. ఇంత జాగ్రత్త అక్కడ ఉంటుందా?

తెనాలి ఫార్మసీ:
జడ్-ట్రాక్ పద్ధతి మర్చిపోయారు. చర్మాన్ని 2, 3 సెంటీమీటర్లు పక్కకు లాగి పట్టుకుని గుచ్చాలి. మెల్లగా వేసి, 10 సెకన్లు ఆగి, సూది తీశాకే చర్మం వదలాలి. లేకపోతే నూనె వెనక్కి కారుతుంది. రుద్దకూడదు.

మంగళగిరి:
ఇదే జబ్బుకి వాడే ఓలాంజపైన్ నెల ఇంజెక్షన్ కూడా ఇలాగేనా?

గుంటూరు సైకియాట్రిస్ట్:
అది ఊళ్లో వద్దు. వేశాక 3 గంటలు మనిషిని కనిపెట్టుకుని ఉండాలి, గాఢమైన మత్తు రావచ్చు.

కృష్ణలంక సిస్టర్:
అందరూ సూది దగ్గరే ఆగిపోయారు. అది రెండు నిమిషాల పని. అసలు పని దానికి ముందుంది. మందు వల్ల ఒళ్లు బిగుసుకుంటోందేమో మనిషిని నడిపించి చూడాలి: చేతులు ఊగుతున్నాయా, అడుగు కురచైందా? మోచెయ్యి వంచితే పళ్లచక్రంలా ఆగి ఆగి కదులుతోందా? జ్వరం, చెమటలు, ఒళ్లు కొయ్యబారడం, మాట తడబాటు కలిసి ఉంటే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కావచ్చు, అంటే ఈ మందుల వల్లే వచ్చే ప్రాణాపాయం. ఆ రోజు సూది ఆపాలి. మాత్రైతే మర్నాడు మానొచ్చు. ఇది లోపలికి వెళ్లాక వారాల తరబడి ఒంట్లోనే ఉంటుంది.

గుంటూరు సైకియాట్రిస్ట్:
ఆపాలా వద్దా అన్నది మేం తేల్చాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 106వ సెక్షన్ చదవండి, ఎవరూ తమ వృత్తి పరిధి దాటి మందు సూచించకూడదు.

కృష్ణలంక సిస్టర్:
ఆపి మీకు ఫోన్ చేయడం మందు రాయడమా డాక్టర్ గారూ?

గుంటూరు సైకియాట్రిస్ట్:
మందు వల్ల వచ్చే వణుకు కనబడగానే ఆపేస్తారనే నా భయం! వణుకుకి ట్రైహెక్సీఫెనిడిల్ 2 మి.గ్రా. మాత్ర ఉంది. దానికోసం ఇంజెక్షన్ మానేస్తే మనిషి మళ్లీ వార్డుకే వస్తాడు.

కృష్ణలంక సిస్టర్:
ఆ మాట ముందే చెప్పాల్సింది. వణుకుకి ఆపం, జ్వరంతో బిగుసుకుపోతే ఆపుతాం. ఆ తేడా చీటీ మీద రాయండి. "వేయండి" అని మీరు నోటితో చెబుతారు, తేడా వస్తే రిజిస్టర్‌లో ఉండేది మా సంతకం.

గుంటూరు సైకియాట్రిస్ట్:
రాస్తాను. కానీ "అనుమానముంటే" అని రాయను. జ్వరం, బిగుసుకుపోవడం ఉంటే ఆపి వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. మిగతా దేనికైనా ముందు నాకు ఫోన్.

కృష్ణలంక సిస్టర్:
ఓపీ రద్దీలో మీరు ఫోన్ ఎత్తకపోతే?